ఏడాది దాటిన పాప: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

మీ పాపకు 13 నెలలు. సోఫా పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తోంది కానీ చెయ్యి వదలడం లేదు. "అమ్మ" అంటోంది, "తాత" అంటోంది, అంతకుమించి మాటల్లేవు. మీ ఆడపడుచు కొడుకు ఇదే వయసుకు ఇల్లంతా పరుగులు పెట్టాడట. ఫోన్లో వేసుకున్న యాప్ ప్రతి సోమవారం ఒక జాబితా పంపుతోంది, టిక్కు పెట్టలేని గడులు పెరిగిపోతున్నాయి. "ఈ ఏడాదిలో ఏమేం రావాలి, ఎప్పుడు భయపడాలి? అసలు నేను పాపతో ఆడుకుంటున్నానో, దానికి పరీక్ష పెడుతున్నానో నాకే తెలియడం లేదు" అని అడిగారు.

మీరు ఎదురుచూస్తున్న జవాబు ముందే చెప్పేస్తానమ్మా, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. మీరు రాసినదాంట్లో నన్ను కంగారుపెట్టేది ఒక్కటీ లేదు. నేను పిల్లల డాక్టర్ని, ఎదుగుదల ఆలస్యమవుతున్న పిల్లల్ని చూడడమే నా రోజువారీ పని. "ఏం కాదులే, అన్నీ అవే వస్తాయి" అని భుజం తట్టి పంపే అలవాటు నాకు లేదు. లేదు కాబట్టే నా మాట కాస్త నమ్మండి.

నడక సంగతే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లల్ని వరసగా గమనించి, 2006లో ఆ లెక్కలు ప్రకటించింది. ఎవరి సాయమూ లేకుండా నడవడం అన్నది ఆ పిల్లల్లో 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఎప్పుడైనా వచ్చింది. ఏమీ పట్టుకోకుండా నిలబడడం 6.9 నెలల నుంచి 16.9 దాకా. రెండు కొసలకూ మధ్య దూరం చూశారా? తొమ్మిది పది నెలలు. మీ ఆడపడుచు కొడుకు ఈ కొసన ఉన్నాడు, మీ పాప నడిమధ్యలో ఉంది. ఇద్దరూ మామూలు పిల్లలే. ముందు నడిచినవాడికి తెలివి ఎక్కువని గానీ, వెనక నడిచినవాళ్ళు చదువులో వెనకబడతారని గానీ ఏమీ లేదు.

అసలు ఈ మైలురాళ్ళ జాబితా ఎందుకు పుట్టిందో తెలిస్తే మీ గుండె సగం తేలికవుతుంది. అది ఒక జల్లెడ. ఎవర్ని ఇంకాస్త దగ్గరగా చూడాలో పట్టుకోవడానికి పనికొస్తుంది. జల్లెడ దాటిపోయినవాళ్ళలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది అది చెప్పదు, మేమూ అడగం. 2022లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ, అక్కడి పిల్లల వైద్యుల సంఘం కలిసి తమ జాబితాను తిరగరాశాయి. అంతకుముందు చాలా జాబితాల్లో ఒక పని పక్కన వేసే నెల, సగంమంది పిల్లలు ఆ పని చేసే నెల. అంటే తక్కిన సగంమందికి ఆ గడి ఖాళీయే. ఆ ఖాళీ గడి చూసుకుని ఎంతమంది తల్లులు నిద్ర మానుకున్నారో! కొత్త జాబితాలో నూటికి కనీసం 75 మంది చేసే వయసు వేశారు. 15 నెలలకూ 30 నెలలకూ విడిగా జాబితాలు చేర్చారు. దోగాడడాన్ని పూర్తిగా తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గమనించిన పిల్లల్లోనూ నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద దోగాడనే లేదు. కొందరు పిల్లలు కూర్చున్న చోటి నుంచే పిరుదుల మీద జరుగుతూ పోతారు, ఒకరోజు లేచి నడుస్తారు.

మీ యాప్ ఏ లెక్క వాడుతోందో అందులో రాసి ఉందేమో వెతకండి. రాసి లేకపోతే ఆ సోమవారం నోటిఫికేషన్ ఆపేయండి. వారానికో జాబితా అన్న ఆలోచనే నాకు నచ్చదు. పిల్లలు వారాల లెక్కన ఎదగరు. పదిహేను రోజులు కొత్తది ఏదీ కనిపించదు, ఆపైన ఒకే వారంలో మూడు కనిపిస్తాయి. నడక మీద పడ్డ పిల్ల మాటల్ని కొన్నాళ్ళు పక్కన పెట్టినట్టు ఉండడం కూడా మామూలే.

ఇక మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన ముక్క, ఆడుకుంటున్నానా పరీక్ష పెడుతున్నానా అన్నది. ఈ రెండూ వేర్వేరు పనులని మీరు అనుకుంటున్నారు. నా గదికి వచ్చే అమ్మానాన్నల్ని నేను అడిగే ప్రశ్నల్లో నిజంగా పనికొచ్చేవి, వాళ్ళు ఇంట్లో నవ్వుకున్న సంగతుల గురించే. "దోబూచులాడితే మళ్ళీ ఆడమంటుందా? బొమ్మ తెచ్చి మీ ఒళ్ళో పడేస్తుందా? మీరు ఇల్లు ఊడుస్తుంటే చీపురు లాక్కుంటుందా?" వీటికి జవాబు చెప్పేటప్పుడు వాళ్ళ ముఖంలో నవ్వు దానంతటదే వస్తుంది. ఆ జవాబుల్లో నాకు కావలసింది దొరుకుతుంది. మురిసిపోయే తల్లి గమనించకుండా ఉండదు. అందుకని ఈ ఏడాదిలో రాబోయే వాటిని మీరు మురిసిపోయే వైపు నుంచే చెప్తాను.

తప్పటడుగులతో మొదలుపెడదాం, మీ బెంగ అక్కడే ఉంది కాబట్టి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన లెక్క ఒకటుంది. 12 నుంచి 19 నెలల పిల్లల్ని వాళ్ళ మానాన ఆడుకోనిచ్చి చూస్తే, గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకు 17 సార్లు! పడడం నడక నేర్చుకోవడంలో అడ్డంకి అనుకుంటాం కానీ, అసలు చదువంతా ఆ పడడంలోనే ఉంది. మీ పని పదునైన మూలలు, మెట్లు, తడి నేల చూసుకోవడం వరకే. ఇంట్లో చెప్పులూ బూట్లూ వద్దు, ఉత్త పాదాలకు నేల బాగా తెలుస్తుంది. చక్రాల వాకర్ కొనకండి, ఎవరైనా ఇచ్చినా మొహమాటపడి తీసుకోకండి. అది నడక నేర్పదు సరికదా, మెట్ల మీంచి దొర్లిపడే ప్రమాదం తెచ్చిపెడుతుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

పడినప్పుడు పాపను కాస్త దగ్గర నుంచి చూడండి. తూలి, చతికిలబడుతుంది. ఏడుపు వెంటనే రాదు. ఒక్క క్షణం ఆగి, తల తిప్పి మీ ముఖం వెతుక్కుంటుంది. మీరు "అయ్యయ్యో" అని పరిగెత్తారా, కింది పెదవి వంకర తిరుగుతుంది. "ఏం కాలేదు, లే లే" అన్నారా, రెండు అరచేతులూ నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి, కాసేపు అలా వంగి ఆలోచించి, లేస్తుంది. 1985 నాటి ఒక ప్రయోగంలో ఏడాది వయసు పిల్లల్ని గాజు పలక మీద వదిలి, దాని కింద ఒక చోట 30 సెంటీమీటర్ల గుంత ఉన్నట్టు కనబడేలా చేశారు. అవతలి వైపు తల్లి నవ్వుతూ నిలబడితే 19 మందిలో 14 మంది దాటి వెళ్ళారు. తల్లి భయంగా ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. అదే గాజు, అదే గుంత. తనకు తెలియని చోట అమ్మ ముఖం చదువుకోవచ్చని పాప కనిపెట్టేసింది. మీ యాప్ జాబితాలో ఇది ఉందో లేదో గానీ, నాకు మాత్రం మొదటి అడుగు కంటే ఇదే ముఖ్యం.

ఇంకా ముఖ్యమైనది చూపుడు వేలు. నన్నడిగితే రెండో ఏడాదిలో జరిగే అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే. నడకకు అందరూ చప్పట్లు కొడతారు, వీడియోలు తీస్తారు. వేలు చాపిన రోజును ఎవరూ రాసిపెట్టుకోరు.

వేలు చూపడంలో రెండు రకాలున్నాయి. మొదటిది "అది కావాలి" అనే వేలు. అల్మారా మీది బంతి వైపు చాపి, "ఊఁ ఊఁ" అంటుంది. సుమారు 15 నెలలకు చాలామంది పిల్లల్లో ఉంటుంది. రెండోది "అది చూడు" అనే వేలు. కిటికీ అవతల పిట్ట వాలింది. పాప వేలు చాపి "ఆ!" అంటుంది. మీ వైపు తిరుగుతుంది. మళ్ళీ పిట్ట వైపు, మళ్ళీ మీ వైపు. మీరు చూశారని ఖాయమయ్యాకే వేలు దించుతుంది. ఆ పిట్ట తనకేమీ అక్కర్లేదు, పట్టి తెమ్మని అడగడం లేదు. తన కంటబడింది మీ కంటా పడాలి, అంతే. మీకూ ఒక మనసుందని, దాని చూపును ఇటు తిప్పవచ్చని తెలిసినవాళ్ళు మాత్రమే చేయగల పని అది. సీడీసీ 18 నెలల జాబితాలో ఈ రెండో వేలు ఉంది. నేనైతే 18 నెలల పిల్లలో మాటలు తక్కువున్నా ఈ వేలుంటే కొంత నిశ్చింతగా ఉంటాను. మాటలు నాలుగు ఎక్కువే ఉండి వేలు లేకపోతే, ఇంకాసేపు కూర్చోబెట్టి చూస్తాను.

ఇది ఒక్కసారిగా ఊడిపడదు. దీనికి ముందు పాప వస్తువులు తెచ్చి చూపిస్తుంది, చేతిలో పెడుతుంది, వెంటనే తిరిగి లాక్కుంటుంది. మీ పాప ఇప్పుడు ఆ దశలో ఉండి ఉంటుంది. చెంచా ఇస్తుంది, మీరు "థ్యాంక్స్" అంటారు, తీసుకుంటుంది, మళ్ళీ ఇస్తుంది. ఇరవైసార్లు. విసుగొస్తుంది, నిజమే. కానీ మాటలు రాకముందు సంభాషణ ఇలాగే ఉంటుంది: నీ వంతు, నా వంతు.

వేలు చాపినప్పుడు మీరు చేయాల్సింది చాలా చిన్నది. అటు చూడండి, దాని పేరు చెప్పండి, ఒక మాట కలపండి. "పిట్ట! అదిగో, ఎగిరిపోయింది." అంతే. మీ ఆటలోకి పరీక్ష ఎక్కడ దూరుతుందంటే, "ఇదేంటి? చెప్పమ్మా, ఇదేంటి? నిన్న చెప్పావుగా!" అన్నప్పుడు. చుట్టాలు వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ. "ముక్కేదీ? చెవేదీ?" అని సరదాకి అడిగితే తప్పు లేదు, పాపకూ ఇష్టమే. కానీ రోజంతా ప్రశ్నలే వినే పిల్లకు తను చూపించాలనుకున్నది చూపించే సందు దొరకదు. పది ప్రశ్నల చోట తొమ్మిది పేర్లు చెప్పి ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

మాటల దగ్గర అందరూ నోటిని లెక్కపెడతారు, చెవిని లెక్కపెట్టరు. అర్థం కావడం ముందు, అనడం వెనక. ఎంతో వెనక. మీ పాపను "నాన్న చెప్పులేవీ?" అని అడిగి చూడండి. తలుపు వైపు చూసిందంటే, అటు కదిలిందంటే, లోపల బోలెడు మాటలు పోగవుతున్నాయన్నమాట. చెయ్యి చాపి "ఇవ్వు" అంటే 15 నెలల ప్రాంతంలో ఇస్తారు. చెయ్యి చాపకుండా ఉత్త మాటతో అడిగినా 18 నెలలకు అర్థమవుతుంది.

ఇక అనే మాటలు. సీడీసీ జాబితా ప్రకారం 15 నెలలకు అమ్మ, నాన్న కాక ఒకటి రెండు మాటలు అనబోవాలి, 18 నెలలకు మూడు అంతకంటే ఎక్కువ, రెండేళ్ళకు రెండు మాటలు కలపాలి, 30 నెలలకు సుమారు 50 మాటలుండాలి. మీ పాప "తాత" అప్పుడే లెక్కలో ఉంది కదా. మాటంటే స్పష్టంగా పలకాలని లేదు. ఒక వస్తువుకు ఎప్పుడూ అదే శబ్దం వాడితే అది మాటే. కుక్కను "బౌబౌ" అన్నా మాటే, బంతిని "బత్తి" అన్నా మాటే. ఇంట్లో రెండు మూడు భాషలుంటే అన్నిటినీ కలిపి లెక్కేయాలి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదు, దానికోసం ఒక భాష మానేయకండి.

ఈ కాలంలో వచ్చే తమాషా తప్పుల్ని మాత్రం పోగొట్టుకోకండి. నాలుగు కాళ్ళున్నదల్లా బౌబౌ అవుతుంది, ఆవూ బౌబౌయే, గుర్రమూ బౌబౌయే. గడ్డమున్న ప్రతి మగమనిషీ తాతే. లిఫ్టులో ఎదురైన పాతికేళ్ళ కుర్రవాణ్ణి "తాతా!" అని పిలుస్తుంది, అతను పాపం గడ్డం తడుముకుంటాడు. చేతిలో ఉన్న పిడికెడు మాటలతో లోకాన్నంతా సర్దుకోవాలి కదా మరి! దిద్దాల్సిన పని లేదు, "అవును, పెద్ద ఆవు" అని సరైన పేరు అందిస్తే చాలు.

రెండేళ్ళు దగ్గరపడేసరికి రెండు మాటలు అతుకుతాయి. "అమ్మ దా." "బంతి పోయింది." ఇక్కడ ఒక తేడా చూడాలి. పాటలా విని అప్పజెప్పినవి వేరు, తను కట్టినవి వేరు. స్నానమయ్యాక నీళ్ళు గరగరమని తూములోకి పోతుంటే చెయ్యి ఊపి "నీళ్ళు టాటా" అంటుంది చూడండి, అలాంటిది. ఆ రెండు మాటల్ని అలా జతచేసి ఎవరూ తనకు నేర్పలేదు. నా దగ్గరికి వచ్చే అమ్మలు "రంగులన్నీ చెప్తుంది, అంకెలు ఇరవై దాకా చెప్తుంది" అంటుంటారు. నేను "నీళ్ళు టాటా లాంటివి ఏమైనా అంటుందా" అని అడుగుతాను.

ఫోన్, టీవీ సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం ఏడాది వయసు పిల్లలకు తెర ముందు కూర్చోబెట్టడం అసలు వద్దు, రెండేళ్ళు నిండాక రోజుకు గంటకు మించొద్దు. అమ్మమ్మతో వీడియో కాల్ ఇందులోకి రాదు, అవతల మనిషి జవాబిస్తుంది కాబట్టి. తెర మీద బొమ్మ జవాబివ్వదు. పాప వేలు చాపితే అది అటు చూడదు. తిండి తినిపించడానికి ఫోన్ ఇచ్చేవాళ్ళు చాలామంది, వాళ్ళ అలసట నాకు తెలుసు. కానీ ఆ తిండి విషయంలో ఒక లెక్క తెలిస్తే ఫోన్ అవసరం సగం తగ్గుతుంది: మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడు రెట్లయ్యే పిల్లలు, రెండో ఏడాదంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎత్తు మొదటి ఏడాది సుమారు 25 సెంటీమీటర్లు పెరిగితే రెండో ఏడాది అందులో సగమే. పెరుగుదల తగ్గితే ఆకలీ తగ్గుతుంది. ఎప్పుడు పెట్టాలో, ఏం పెట్టాలో మీరు చూసుకోండి, ఎంత తినాలో పాపకు వదిలేయండి. చెంచా పాప చేతికిచ్చి, కింద ఒక గుడ్డ పరవండి. ముద్దలో సగం జుట్టుకే పోతుంది, పోనివ్వండి.

ఇంటి పనుల్లో దూరడం ఈ ఏడాదిలోని ఇంకో వైభవం. ఇప్పుడు మీ పాప గిన్నెలో చెంచాలు వేసి, బోర్లించి, మళ్ళీ వేస్తూ ఉంటుంది. కొన్ని నెలలకు రిమోట్ చెవికి ఆనించుకుని ఎవరితోనో గంభీరంగా మాట్లాడుతుంది, బొమ్మకు నీళ్ళు తాగిస్తుంది. లేనిదాన్ని ఉన్నట్టు అనుకోవడం అక్కడ మొదలు. ఆపైన సాయం. 2006లో వార్నకెన్, టొమాసెల్లో అనే పరిశోధకులు 18 నెలల పిల్లల ముందు బట్టలారేసే క్లిప్పును జారవిడిచి, అందనట్టు చెయ్యి చాపారు. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు, అయినా చాలామంది పిల్లలు వెళ్ళి తీసిచ్చారు. కావాలని విసిరేస్తే మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. పెద్దమనిషికి అది కావాలా అక్కర్లేదా అన్న తేడా వాళ్ళకు తెలుసు. మీరూ దండెం దగ్గర ఉన్నప్పుడు పాపను వెంట ఉంచుకోండి. పని రెట్టింపవుతుంది, ఆరేసిన గుడ్డ నేల మీదికి వస్తుంది. ఐనా ఉంచుకోండి.

అవతలివాళ్ళ ఇష్టం తన ఇష్టం ఒకటి కాదని తెలియడం కూడా ఈ నెలల్లోనే. 1997లో రెపాకోలీ, గోప్నిక్ చేసిన ప్రయోగంలో ఒకామె పిల్లల ముందు బిస్కెట్ తిని ముఖం చిట్లించి, పచ్చి బ్రకోలీ తిని "అబ్బ!" అనుకుంది. తర్వాత చెయ్యి చాపి "నాక్కొంచెం పెట్టు" అంది. 14 నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెటే పెట్టారు. 18 నెలల పిల్లల్లో ఎక్కువమంది ఆమెకు నచ్చిన బ్రకోలీ పెట్టారు. నాలుగు నెలల్లో ఎంత దూరం!

అద్దం ముచ్చట కూడా చెప్పేస్తాను. పాపకు తెలియకుండా ముక్కు మీద ఒక రంగు చుక్క అంటించి అద్దం ముందు నిలబెట్టండి. ఇప్పుడైతే అద్దంలో పిల్లను చూసి నవ్వుతుంది, ముద్దు పెడుతుంది. 18 నుంచి 24 నెలల మధ్య ఒకరోజు చెయ్యి అద్దం వైపు కాకుండా తన ముక్కు మీదికి వెళ్తుంది. అది ఫలానా నెలకే రావాలని లేదు, సరదాకి అప్పుడప్పుడూ చేసి చూడండి.

పేచీలు, మారాం, "వద్దు" గురించి ఎక్కువ చెప్పను. తానొక వేరే మనిషినని తెలిశాక వద్దనకుండా ఎలా ఉంటుంది? మీరు గది దాటితే ఏడ్వడం కూడా ఈ నెలల్లో ఎక్కువే, ఏడాదిన్నర దాటాక మెల్లగా తగ్గుతుంది. బయటికి వెళ్ళేటప్పుడు కనబడకుండా జారుకోకండి. టాటా చెప్పి, ఏడ్చినా సరే, వెళ్ళండి. వస్తానన్న మనిషి వస్తుందని అలాగే తెలుస్తుంది.

ఇప్పుడు భయం సంగతి. ఎప్పుడు ఆగకూడదో సూటిగా చెప్తాను. వచ్చిన మాటలు గానీ, నవ్వు గానీ, ఆట గానీ పోయిందనిపిస్తే, ఏ వయసులోనైనా, ఆ వారమే డాక్టరుకు చూపించండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 18 నెలలు నిండినా పట్టుకోకుండా నడవకపోయినా, ఒక్క వేలూ చూపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే ఎక్కువసార్లు తిరగకపోయినా చూపించండి. తనకు కావలసినదానికి మీ మణికట్టు పట్టుకుని వస్తువు మీద పెట్టి, మీ ముఖం వైపు అసలు చూడకపోవడం పదే పదే జరుగుతుంటే అది కూడా చెప్పండి, దీన్ని చాలామంది చిన్న విషయమని వదిలేస్తారు. ఏడాదిన్నర లోపే ఒక్క చేతినే వాడుతూ రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంటే "ఎడమచేతి వాటం" అనుకోకండి, రెండో చేతిలో బలహీనత ఉందేమో చూడాలి. మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. తలుపు ధబాలున వేస్తే ఉలిక్కిపడుతుంది కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకుంటారు, మాటల్లోని సన్నని శబ్దాలు వినబడాలంటే అది సరిపోదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండేళ్ళు వచ్చేదాకా, పుట్టాల్సిన తేదీ నుంచి వయసు లెక్కపెట్టాలి. మీ పాప అలా పుట్టిందేమో మీరు రాయలేదు. పుట్టి ఉంటే, ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు ఆ 13 నెలల్లోంచి తీసేయండి.

"మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు", "వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళకు గానీ మాట్లాడలేదు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ప్రేమతోనే అంటారు. అనుమానం వచ్చినప్పుడు ఆ మాట విని ఆరు నెలలు ఆగడం కంటే, చూపించి "ఏమీ లేదు" అనిపించుకుని రావడం నయం. తొందరగా మొదలుపెట్టిన శిక్షణ పనిచేస్తుంది, అందుకే ఇంత చెప్తున్నాను. అనవసరంగా వచ్చారని ఏ మంచి డాక్టరూ విసుక్కోరు.

ఆడపడుచు కొడుకుతో పోలిక ఎవరైనా తెస్తే వాదించకండి. "అవునండీ, వాడు తొందరగా నడిచాడు" అని ఊరుకోండి. 17.6 అంకె వాళ్ళకు చెప్పి గెలవాల్సిన పని లేదు, మీకు తెలిస్తే చాలు.

యాప్ నోటిఫికేషన్ ఆపేశాక చేతులు ఊరుకోవు కదా, ఒక నోటుబుక్కు పెట్టుకోండి. అందులో గడులూ టిక్కులూ గీయకండి. పాప ఏం చేసిందో చేసినట్టు ఒక వాక్యం, పక్కన తేదీ. "కిటికీలోంచి లారీ చూపించి నా వైపు చూసింది." "తాత కళ్ళజోడు తెచ్చి తాతకే ఇచ్చింది." రోజూ రాయక్కర్లేదు, నవ్వొచ్చినప్పుడు రాయండి. 15 నెలలకు, మళ్ళీ 18 నెలలకు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్ళండి. క్లినిక్‌లో కొత్త ముఖాలు చూసి పాప మీ భుజం మీద తల దాచుకుంటుంది, ఒక్క మాటా అనదు, ఒక్క అడుగూ వేయదు. అక్కడ చూపించమని బతిమాలకండి. దానికి బదులు ఇంట్లో తీసిన నిమిషం వీడియోలు రెండు పట్టుకెళ్ళండి: ఒకటి పాప తనంతట తాను ఆడుకుంటున్నప్పటిది, ఒకటి మీతో ఆడుకుంటున్నప్పటిది. తీసేటప్పుడు "ఇటు చూడు, నవ్వు" అనకండి, ఫోన్ ఎక్కడైనా ఆనించి మీరు పాప పక్కన నేల మీద కూర్చోండి.